చక్రాల ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంటికి చక్రాలు కట్టి చూడు అని మాత్రం ఎవరూ అన్లేదు. అంటే ఎలా ఉండేదో నాకు 2024 వేసవిలో తెలిసింది.

మా చెల్లెలూ మరిదీ అమెరికాలో అయోవా రాష్ట్రంలో డిమోయిన్ అనే ఊళ్లో ఉంటారు. ఆ ఊరి పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు రెండు ఎస్‌లు పెడతారు, పలికేటప్పుడు రెండింటినీ మింగేస్తారు. ఆ జూన్‌లో నేను వెళ్లేసరికి వాళ్లింట్లో డైనింగు టేబులు నిండా రంగు రంగుల కరపత్రాలు. పెళ్లిచూపుల ఫోటోల్లాగా ఒక వరసలో మోటారు హోములు, ఇంకో వరసలో ట్రెయిలర్లు. మొదటి వరస మా మరిది తరఫు. రెండో వరస చెల్లెలి తరఫు.

"వదినగారూ, మీరు నవలలు రాస్తారు. న్యాయం తెలిసినవారు. మీరే చెప్పండి" అన్నాడు మరిది, నేను కాళ్లు కడుక్కుని వచ్చేలోపలే.

నవలలు రాసేవాళ్లకి న్యాయం తెలుస్తుందని ఎవరు చెప్పారో గాని, అల్లుడి ఇంట్లో అత్తగారూ, చెల్లెలి ఇంట్లో అక్కగారూ తీర్పులు చెప్పకూడదన్న జ్ఞానం మాత్రం నాకుంది. కాఫీ అడిగి తప్పించుకున్నాను.

అసలు సంగతేమిటంటే, వాళ్లబ్బాయి కాలేజీకి వెళ్లిపోయాడు. మరిది పని ఇంట్లో కూచుని కంప్యూటరు మీద చేసుకునేదే. ఇల్లు ఎక్కడుంటే ఆఫీసు అక్కడే. 2022లో అతనికి గుండెలో స్టెంటు వేశారు. నలభై ఆరేళ్లకే. అప్పటిదాకా "రిటైరయ్యాక దేశమంతా తిరుగుదాం" అంటూ వచ్చిన మనిషి, ఆస్పత్రి నించి ఇంటికి వచ్చిన వారానికే "రిటైరయ్యేదాకా ఎందుకు?" అన్నాట్ట. రోడ్డు మీదే నెలల తరబడి తిరగాలి, హోటళ్ల తిండి తినకూడదు, మన పక్క మీద మనం పడుకోవాలి. దానికి చక్రాల ఇల్లొకటే మార్గం. ఇంతవరకూ ఇద్దరికీ ఏకాభిప్రాయమే. ఎలాంటి ఇల్లు అన్న దగ్గరే పేచీ.

మన పాఠకురాళ్లకి ఈ గొడవ అర్థం కావాలంటే కొంచెం పాఠం చెప్పక తప్పదు. మోటారు హోము అంటే బండీ ఇల్లూ ఒకటే. ముందు స్టీరింగు, వెనక సోఫా, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, పక్క, స్నానాలగది. వీటిల్లో మూడు తరగతులున్నాయి. 'ఎ' అంటే ఆర్టీసీ బస్సంత. 'సి' అంటే లారీ మొహానికి ఇల్లు అతికించినట్టుంటుంది, డ్రైవరు నెత్తిమీద ఒక అటక, దానిమీద పడక. 'బి' అంటే అన్నిటికన్నా చిన్నది, వ్యాను. చిన్నదాన్ని మధ్య అక్షరంలో ఎందుకు పెట్టారో ఆ పెట్టినవాళ్లకే తెలియాలి. ట్రెయిలరు అంటే ఇంజను లేని ఇల్లు. దాన్ని పికప్పు ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోవాలి.

ఇంకా సులువుగా చెప్పాలంటే, ట్రెయిలరు మన ఎద్దుబండి. ఎడ్లు వేరు, బండి వేరు. మోటారు హోములో ఎడ్లూ బండీ కలిసి ఒకే జంతువైపోయింది.

మోటారు హోములు తయారుచేసే విన్నెబాగో కంపెనీ వాళ్లుండే అయోవాలోనే, ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊళ్లో పుట్టింది. 1966 నించి మోటారు హోములు చేస్తోంది. మనం ఒకప్పుడు వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టు, అక్కడ ఒకప్పుడు మోటారు హోము ఏదైనా విన్నెబాగోయే. కాబట్టి మా మరిది పక్షానికి స్థానిక బలం కూడా ఉంది. చెల్లెలి పక్షాన మాత్రం ఎయిర్‌స్ట్రీమ్ అని, వెండి మరచెంబు బోర్లా పడుకోబెట్టినట్టుండే అల్యూమినియం ట్రెయిలరుంది. 1969లో చంద్రుడి మీదనించి తిరిగొచ్చిన ముగ్గురినీ, అక్కడి క్రిములేమైనా తెచ్చారేమోనని, ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలరుని మార్చి చేసిన గదిలోనే మడి కట్టించి కూచోబెట్టారు. ప్రెసిడెంటు నిక్సన్ కిటికీ బయట నిలబడి పలకరించాడు. "చంద్రుడి దగ్గర నించి వచ్చినవాళ్లకే సరిపోయింది, మనకి సరిపోదా?" అని చెల్లెలి వాదన. అంత ఖరీదుది కొనే ఉద్దేశం దానికీ లేదనుకోండి.

ఇలా వాదించుకుంటే తేలదని, ముందు ఒక మోటారు హోము అద్దెకి తీసుకున్నారు. ఇరవై ఎనిమిది అడుగులది, 'సి' రకం. ముగ్గురం పడమటికి బయల్దేరాం. అయోవా దాటి దక్షిణ డకోటా వెళ్లి, బ్యాడ్‌లాండ్స్, నల్లకొండలు, రష్‌మోర్ కొండ మీద చెక్కిన నలుగురు ప్రెసిడెంట్లు, ఇదీ కార్యక్రమం.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నించి కాశీకి బయల్దేరినప్పుడు పల్లకీలు, బోయీలు, డేరాలు, తల్లీ భార్యా పరివారమూ అంతా కలిపి వందమంది దాకా ఉన్నారట. తిరిగి వచ్చేసరికి 1831. దారిలో ఏ ఊళ్లో ఏం దొరుకుతుందో, ఎక్కడ దిగడానికి వసతో, అన్నీ రాసిపెట్టారు. ఆ పుస్తకం చదివినప్పుడల్లా నాకొకటే కోరిక, వెంట వెళ్లిన ఆడవాళ్లు కూడా ఒక పుస్తకం రాసుంటే ఎంత బాగుండేదని. వాళ్లు రాయలేదు కనక, ఆ లోటు కొంత నేను తీరుస్తాను.

కదిలే ఇంట్లో వంటిల్లుంటే ఎలా ఉంటుందంటే, ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే మాట్లాడుతుంది. ప్రెషరు కుక్కరు మీద వెయిట్ టకటక, గరిటెల స్టాండు గణగణ, అలమర్లలో స్టీలు డబ్బాలన్నీ భజన. తువ్వాళ్లు, చీరలు, ఉన్న గుడ్డలన్నీ గిన్నెల మధ్య కుక్కాం. అలమరా తలుపులకి గడియలుంటాయి. ఒక మలుపులో ఒక గడియ ఊడి, కందిపప్పు డబ్బా వచ్చి నా ఒళ్లో కూచుంది. మరిది అద్దంలో చూసి "వదినగారూ, దెబ్బ తగిలిందా?" అన్నాడు. చెల్లెలు "డబ్బా మూత ఊడిందా?" అంది.

బండి నడుస్తుండగా లేచి తిరగొచ్చు, కాఫీ కలుపుకోవచ్చు అని అందరూ చెప్పుకునే సుఖం ఒకటుందే, అది కరపత్రాల్లోని సుఖం. ఆ మైదానాల్లో గాలి పక్కనించి వచ్చి ఆ ఎత్తుపాటి గోడలమీద తోస్తుంటే, బెల్టు కట్టుకుని కూచున్న మనిషే ఊగిపోతుంది. ఇంక లేచి కాఫీ కలిపేదెవరు? ట్రెయిలరుకి ఈ ఆశే లేదు. నడుస్తున్న ట్రెయిలరులో మనుషులుండడం చాలా రాష్ట్రాల్లో నిషేధం. లూసిల్ బాల్ అనే నటి సినిమా ఒకటుంది, 1954 నాటిది, 'ది లాంగ్, లాంగ్ ట్రెయిలర్' అని. కొత్తగా పెళ్లయిన ఇల్లాలు మొగుడికి వేడి వేడి భోజనం పెడదామని నడుస్తున్న ట్రెయిలరులో వంట మొదలెడుతుంది. ఆ పిండీ, ఆ గిన్నెలూ, ఆవిడా కలిసి పడిన పాట్లు చూసి మా చెల్లెలు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను గాని, మధ్యలో ఆవిడ గరిటె వదలదు చూడండి, అక్కడ నాకు నవ్వు రాలేదు.

బండి ఆగాక మాత్రం వంట బాగానే సాగింది. రెండు పొయ్యిలు, మోచెయ్యి తిప్పడానికి చోటు లేని గట్టు. పోపు వేసినప్పుడల్లా నెత్తిమీద పొగ గంట కొట్టేది. ఆవాలు చిటపటమనగానే అది కెవ్వుమనడం, మరిది విసనకర్ర పట్టుకుని దాని కింద నిలబడి స్వామివారికి వింజామర వీచినట్టు వీచడం, రోజూ రెండుపూటలా సేవ. పొయ్యికి మూడడుగుల దూరంలో పాయిఖానా. మా అమ్మమ్మ చూసుంటే ఆ బండి ఎక్కడం అటుంచి, దాని నీడన కూడా నిలబడేది కాదు. ఆ దొడ్డి నీళ్లు ఒక ట్యాంకులో, గిన్నెలు కడిగిన నీళ్లు ఇంకో ట్యాంకులో చేరతాయి. రెండు మూడు రోజులకోసారి వాటిని ఖాళీ చేసే చోటికి తీసుకెళ్లి గొట్టం పెట్టి వదలాలి. అది అమెరికాలోనైనా మగవాడి పనేనని మా చెల్లెలు మొదటిరోజే శాసనం చేసింది.

మంచినీళ్ల ట్యాంకు సంగతీ చెప్పాలి. నలభై గాలన్ల నీళ్లంటే నూటయాభై కిలోలు. పంపు తిప్పినప్పుడల్లా అవి తరిగిపోతున్నాయన్న ధ్యాస. మూడురోజుల్లో నేను రెండు చెంబుల్లో స్నానం చెయ్యడం నేర్చుకున్నాను. గుంటూరు ఎండాకాలాల్లో పెరిగినదాన్ని, నేర్చుకోవడం ఏముంది, గుర్తు చేసుకున్నాను.

అసలు కష్టం పెరుగు దగ్గర వచ్చింది. కాంపుగ్రౌండులో బండి నిలిపి, కరెంటు తీగ తగిలించి, నీళ్ల గొట్టం బిగించి, కింద చెక్కముక్కలు పెట్టి బండిని సమంగా నిలబెట్టేసరికి గంట పట్టింది. భోజనాలకి కూచున్నాక తెలిసింది పెరుగు లేదని. ఊరు పది మైళ్లు. వెళ్లాలంటే తీగ తియ్యాలి, గొట్టం తియ్యాలి, చెక్కలు తియ్యాలి, గిన్నెలన్నీ మళ్లీ పట్టుచీరల్లో చుట్టాలి, చుట్టి ఇల్లంతా తోలుకుని పెరుగుకి వెళ్లాలి. ఆ రాత్రి మజ్జిగ లేకుండానే లేచాం. దీనికి మందు, ఇంటి వెనక ఒక చిన్న కారు కట్టుకుని లాక్కెళ్లడం. చాలామంది అదే చేస్తారు. అయితే అన్ని కార్లూ నాలుగు చక్రాల మీద అలా లాగడానికి పనికిరావు. మా చెల్లెలి ఆటోమాటిక్ కారు పనికిరాదట. అంటే ఇల్లు కొని, దానికి తగిన కారు కూడా కొనాలి. సంబంధం కుదిరాక ఆడపడుచు లాంఛనాలు బయటపడ్డట్టు.

ఇక్కడిదాకా చదివి తూకం ట్రెయిలరు వైపే ఉందనుకోకండి. తిరుగుదారిలో ఒక రాత్రి ఆలస్యమై, హైవే పక్క విశ్రాంతి స్థలంలో ఆగాం. అర్ధరాత్రి ఎవరో తలుపు బాదారు. తాగున్నాడో, దారి తప్పాడో. మాటలు అర్థం కాలేదు. మళ్లీ బాదాడు. మరిది పక్క మీదనించి లేచి, తలుపు జోలికి పోకుండా నాలుగడుగులు వేసి స్టీరింగు ముందు కూచుని బండి నడిపించేశాడు. అంతే. ఎవరమూ కిందికి దిగలేదు, అతని మొహం కూడా చూడలేదు. ట్రెయిలరైతే తలుపు తీసుకుని, చీకట్లో దిగి, ట్రక్కు దాకా నడిచి వెళ్లాలి. నిజం చెబుతున్నాను, ఆ నిమిషాన నేను మోటారు హోము పక్షంలోకి ఫిరాయించాను. ఒంటరి దారుల్లో ఆడవాళ్లకి అంతకన్నా పెద్ద సదుపాయం ఏముంటుంది? వాన వచ్చినా అంతే, చలికాలం రాత్రయినా అంతే. గాలను పెట్రోలుకి పది మైళ్లు రాకపోతే పోయె.

మర్నాడు పొద్దున్న మరిది నిద్రలేవక ముందు అదే మాట చెల్లెలితో అన్నాను. ఇద్దరం బయట మడత కుర్చీల్లో కూచుని కాఫీ తాగుతున్నాం.

"ఈ వారం రోజుల్లో నేను దాని స్టీరింగు ముట్టుకున్నానా అక్కా?" అంది.

ముట్టుకోలేదు. మరిది అడిగినా "మీకు సరదా, మీరే నడపండి" అంటూ వచ్చింది.

"నాకు భయం. లైసెన్సు అక్కర్లేదు, కారు లైసెన్సే చాలు. కాని భయం. ఆ కొండల్లో ఫోను పలకదు. ఆయనకి నెప్పి వస్తే ఈ కొంపనంతా వేసుకుని ఆ మలుపుల్లో నేను నడపాలి. ట్రక్కయితే ఇంటిని అక్కడే వదిలేసి, ఆయన్ని పక్క సీట్లో కూచోబెట్టుకుని పోతాను. మామూలు కారులాగా."

"రాత్రి తలుపు కొట్టినవాడో?"

"చీకటి పడకముందే కాంపుగ్రౌండు చేరతాను. పదిమంది ఉన్నచోట పడుకుంటాను. అది నా చేతిలో ఉన్న పని. రెండోది నా చేతిలో లేదుగా."

ఈ మాట మొగుడితో అనలేదు. అంటే "నన్నింకా రోగి కింద కట్టేశావన్నమాట" అంటాడు. అందుకని పెట్రోలు ఖర్చు, పెరుగు, ఇంజను చెడితే ఇల్లు కూడా షెడ్డుకెళ్లి కూచుంటుంది, మనం హోటల్లో పడుకోవాలి, ఇలాంటివన్నీ వాదించేది. అవన్నీ నిజాలే. నిజాల వెనక దాక్కోవడం మన ఆడవాళ్లకి బాగా తెలిసిన విద్య. మా మరిది తెలుగు పత్రికలు చదవడు కనక ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

జూలైలో వాళ్ల స్నేహితుడొకాయన తన పికప్పూ, ట్రెయిలరూ నాలుగురోజులకి ఎరువిచ్చాడు. దాన్ని ముందుకు నడపడం ఎవరికైనా వస్తుంది. బరువులో పది నించి పదిహేను వంతుల దాకా, అంటే నూటికి పదీ పదిహేనూ, కొక్కెం మీద పడేలా సర్దుకోవాలి. తక్కువైతే వెనక బండి పాము తోకలాగా కొట్టుకుంటుంది. అంతవరకూ లెక్క. వెనక్కి నడపడం మాత్రం లెక్కలకి లొంగదు. స్టీరింగు కుడికి తిప్పితే ట్రెయిలరు ఎడమకి పోతుంది. సాయంత్రం కాంపుగ్రౌండులో దీన్ని మించిన వినోదం లేదు. భర్త నడుపుతుంటాడు, భార్య వెనక నిలబడి చేతులు ఊపుతుంది, ఇద్దరూ అరుచుకుంటారు, చుట్టుపక్కల వాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకుని కూచుంటారు. నేను చూసిన నాలుగు సాయంత్రాల్లో ఏ ఒక్క ఆడమనిషీ స్టీరింగు దగ్గర లేదు.

అక్కడే మా మరిది ఒక పని చేశాడు. తిరిగొచ్చిన ఆదివారం ఖాళీగా ఉన్న ఒక స్కూలు కార్ల స్థలానికి ఆ బండి తోలుకెళ్లి, తాళాలు చెల్లెలి చేతిలో పెట్టాడు.

"నువ్వు వెనక్కి నడపడం నేర్చుకునేదాకా నేనేదీ కొనను" అన్నాడు.

"మీరున్నారుగా నడపడానికి" అంది చెల్లెలు.

"ఉన్నాను. అయినా నేర్చుకో."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను కూడా దూరంగా కనిపిస్తున్న బాస్కెట్‌బాల్ స్తంభం కేసి చూశాను. తరవాత అతను రెండు ప్లాస్టిక్ దిమ్మెలు నిలబెట్టి పాఠం మొదలెట్టాడు. స్టీరింగుని పైన పట్టుకోవద్దు, అడుగున పట్టుకో. వెనక బండి ఎటు పోవాలో నీ చెయ్యి అటే జరుపు. అంతే, తికమకుండదు. ఇది అక్కడి అనుభవజ్ఞులందరూ చెప్పే చిట్కాయే. మా చెల్లెలు మొదటి గంటలో దిమ్మెల్ని ఏడుసార్లు పడేసింది. మూడో ఆదివారానికి, తను దిగకుండా, ఎవరూ అరవకుండా, ఆ ఇంటిని రెండు గీతల మధ్యకి తెచ్చి నిలిపింది. మరిది చప్పట్లు కొట్టలేదు. వెళ్లి చక్రాల కింద చెక్కలు పెట్టాడు.

ఆ తరవాత వాదన జరగలేదు. మోటారు హోము కరపత్రాలు పాతపేపర్లలోకి పోయాయి. మరిది తనంతట తనే, మొంటానాలో గ్లేసియర్ పార్కులో కొండదారి ఒకటుందని, దాని నడిమి భాగంలోకి ఇరవై ఒక్క అడుగులు దాటిన బండిని రానివ్వరని, ట్రక్కయితే ట్రెయిలరు కింద వదిలేసి హాయిగా వెళ్లొచ్చని నాకు వివరించాడు, ఆ సంగతి చాలాకాలంగా ఆలోచిస్తున్నట్టు. నేనూ అబ్బురపడ్డట్టు విన్నాను. అక్టోబరులో ఎవరో వాడినది, పద్దెనిమిది అడుగుల ట్రెయిలరు కొన్నారు. దానికి తగిన ట్రక్కు కోసం చెల్లెలి కారు అమ్మేశారు. ట్రక్కు దానికి బాగా ఎత్తు. చీర కట్టుకున్నప్పుడు ఎక్కడానికి ఒక పీట వేయించుకుంది.

ఇప్పుడు ఫోను చేస్తే మాట్లాడేదంతా సామాన్ల గురించే. బరువైనవన్నీ అడుగున, ఇరుసుకి దగ్గరగా, కొంచెం ముందుకి పెట్టాలిట. వెనక పెడితే తోక ఊగుతుంది. బియ్యం సంచీ మంచం కింద కుదిరింది. కుక్కర్లు రెండూ సింకు కింద కుదిరాయి. ఆవకాయ జాడీ గాజుది మానేసి ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చింది, మనస్కరించకపోయినా. మిగిలింది గ్రైండరు. పన్నెండు కిలోలు. ఎల్లోస్టోన్ లాంటి ఎనిమిదివేల అడుగుల ఎత్తులో నీళ్లు తొంభైరెండు డిగ్రీలకే మరిగిపోతాయి కనక కుక్కరు లేనిదే పప్పు ఉడకదు, అది సరే, గ్రైండరెందుకు, మిక్సీ చాలదా అని మరిది. మిక్సీలో రుబ్బిన పిండితో ఇడ్లీలు ఎలా ఉంటాయో ఆయనకేం తెలుసు అని చెల్లెలు. మొన్న కాటా తెచ్చి కొక్కెం మీద బరువు తూచి చూశారట. గ్రైండరు ఉంచాలంటే ఆయన పనిముట్ల పెట్టె సగం ఖాళీ చెయ్యాలని తేలింది. ఈసారి తీర్పు చెప్పమని ఇద్దరూ వేరువేరుగా నాకు ఫోను చేశారు.